పంపు టైమింగ్ పెట్టబోతున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ మేనకోడలు ట్రాక్టర్ డీజిల్ పంపు విప్పేసింది. మెకానిక్ వద్దంటోంది. నువ్వన్నా చెప్పు" అంది. ఏం చెప్పాలో తోచలేదు. ఫోన్ పెట్టేశాక మీ అత్తతో "మన పిల్ల పంపు విప్పిందట" అని రెండుసార్లు అన్నానట. రెండోసారి అన్నప్పుడు నా మొహం వెలిగిపోయిందని ఆవిడ నవ్వింది. తర్వాత నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటావు. అందుకే పంపు టైమింగ్, అంటే ఇంజన్లోకి డీజిల్ సరిగ్గా ఎప్పుడు కొట్టాలో పెట్టడం, కాగితం మీద రాస్తున్నా. బానెట్ మీద పెట్టుకుని చదువు.

అన్నిటికన్నా ముందు బ్యాటరీ టెర్మినల్ పీకెయ్. నువ్వు ఇంజన్ వెనకుండే పెద్ద చక్రం, ఆ ఫ్లైవీల్ దగ్గర చెయ్యి పెట్టి ఉండగా మీ తమ్ముడు సీటెక్కి సెల్ఫ్ కొడతాడు. వాడి సంగతి నాకు తెలుసు. చున్నీ ఇంట్లో పెట్టి రా, జడ ముడేసుకో. పంపు బయటంతా కడిగి తుడిచాకే నట్టు ముట్టుకో. ఇవన్నీ పాలిటెక్నిక్‌లో చెప్పే ఉంటారు.

ఒకటో సిలిండర్, పిస్టన్ పైకొచ్చి గాలిని నొక్కే కంప్రెషన్‌లో ఉందని ఒక్క ఫ్లైవీల్ గుర్తు చూసి నమ్మకు. ఫ్లైవీల్ రెండు చుట్లు తిరిగితే పంపు ఒక్క చుట్టే తిరుగుతుంది. అంచేత ఆ గుర్తు రెండుసార్లు ముల్లు దగ్గరికొస్తుంది. అందులో ఒకటే నిజం. వాల్వుల మీదుండే ట్యాపెట్ కవరు తీసి నాలుగో సిలిండర్ వైపు చూడు. అక్కడ ఒక వాల్వు మూసుకుంటూ రెండోది తెరుచుకుంటూ ఉంటే, ఒకటోది కంప్రెషన్‌లో పైకొచ్చినట్టు. అక్కడి నుంచి పావు చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టు.

ఇక చుక్క చూడటం, అంటే పంపులోంచి వచ్చే డీజిల్ ధార చుక్కగా మారే చోటు పట్టుకోవడం. పంపు మీద ఒకటో సిలిండర్ డీజిల్ పైపు తగిలే డెలివరీ వాల్వు హోల్డరు విప్పి, లోపలి వాల్వునీ స్ప్రింగునీ తీసి శుభ్రమైన డీజిల్ గిన్నెలో వెయ్. సీటు అక్కడే ఉండనీ. హోల్డరు మళ్లీ బిగించి దానికి వంపు పైపు తగిలించు. యాక్సిలరేటర్ పూర్తిగా లాగి కట్టు. స్టాప్ నాబ్ లోపలికే ఉండాలి. అది బయటికుంటే ఎంత తిప్పినా డీజిల్ ఆగదు, పంపు పోయిందని ఏడుస్తావు. ఇప్పుడు ఇంజన్ తిరిగే వైపే మెల్లగా తిప్పు. ధార సన్నబడుతుంది, చుక్కలవుతుంది, చివరికి పది పదిహేను సెకన్లకో చుక్క పడుతుంది. అక్కడ ఆగు. పంపులో డీజిల్‌ని నెట్టే ప్లంజర్ పైకొచ్చి డీజిల్ వచ్చే రంధ్రం మూసింది అప్పుడే. ఫ్లైవీల్ మీద ఎన్ని డిగ్రీలుందో అప్పుడు చూడు. ఎంత ఉండాలో మీ ట్రాక్టర్ మాన్యువల్‌లో ఉంటుంది. పక్క చేనాయన ట్రాక్టర్ లెక్క తెచ్చి దీనికి పెట్టకు.

చుక్క దాటిపోతే ఏం చెయ్యాలో చెప్పేముందు ఒకటి చెప్పాలి.

ఆటోనగర్‌లో నేను సొంతంగా షెడ్డు పెట్టి రెండు నెలలయింది. మీ బావ పుట్టి మూడు రోజులు. సాయంత్రం గుంటూరు నుంచి ఒకాయన ఆరు సిలిండర్ల లారీ తెచ్చాడు. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. రాత్రికి మిర్చి యార్డులో టిక్కీలు, అవే మిర్చి బస్తాలు, ఎత్తుకుని హైదరాబాద్ పోవాలన్నాడు. నాకేమో ఆసుపత్రికి పోవాలి. తిప్పుతూ తిప్పుతూ చుక్క దాటించేశాను, రెండు మూడు డిగ్రీలు. వెనక్కి తిప్పి, సరిగ్గా గుర్తు మీద ఆపి, పంపు బిగించేశా.

గేరు పళ్ల మధ్య సందుంటుంది. ముందుకు తిరిగేటప్పుడు పళ్లు ఒక పక్క ఆనుకుంటాయి, వెనక్కి తిప్పితే రెండో పక్క. గుర్తు గుర్తు మీదే ఉంటుంది కానీ పంపు షాఫ్టు ఉండాల్సిన చోట ఉండదు. ఇంజన్ నడిచేసరికి టైమింగ్ వెనకబడుతుంది. మా గురువుగారు ఇది నాకు వందసార్లు చెప్పారు.

స్టార్ట్ చేస్తే తెల్లపొగ. లాగడం లేదు. మళ్లీ విప్పి చుక్క చూడాలంటే గంట పని. ఆ గంట లేదనుకున్నాను. నట్లు వదులు చేసి పంపును వెంట్రుకంత జరిపాను, బిగించి స్టార్ట్ చేసి విన్నాను. ఇంకో వెంట్రుక. మూడోసారికి శబ్దం గట్టిపడింది, పొగ పోయింది. ఒక రౌండు తిప్పుకొచ్చి "గుర్రంలా ఉంది తమ్ముడూ" అన్నాడాయన. బాబు పుట్టాడని తెలిసి పది రూపాయలు నా జేబులో పెట్టాడు.

నాలుగో రోజున లారీ సూర్యాపేట అవతల ఆగిపోయింది. మూడో పిస్టన్ పగిలింది. టైమింగ్ మరీ ముందుకు పెడితే పిస్టన్ ఇంకా పైకొస్తుండగానే మంట దాని నెత్తిన కొడుతుంది. ఆ గట్టి శబ్దం అదే. నేను దాన్నే బలం అనుకున్నాను.

ఆయన వచ్చి అరవలేదు. "గుర్తు చూసే పెట్టావుగా?" అనడిగాడు. "చూశానండి" అన్నాను. నమ్మాడు. లోడు ఎక్కువ వేశానేమోనని తననే తిట్టుకున్నాడు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి లారీ నా దగ్గరికే తెచ్చేవాడు. ఇది మీ అత్తకి కూడా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

అంచేత చుక్క దాటితే పావు చుట్టు వెనక్కి పోయి, మళ్లీ ముందుకే రా. పదిసార్లయినా సరే. గట్టు మీద కూర్చున్నవాళ్లు నవ్వితే నవ్వనీ. కాలువకు నీళ్లొదలగానే దమ్ముకి దిగాలని మీ నాన్న టెన్షన్ పెడతాడు, పెట్టనీ.

డిగ్రీలు తేడా ఉంటే పంపు వదులు చేసి తిప్పు. షాఫ్టు తిరిగే దిక్కుకి ఎదురుగా తిప్పితే టైమింగ్ ముందుకొస్తుంది, అదే దిక్కుకి తిప్పితే వెనక్కి. బిగించాక మళ్లీ చుక్క చూడు. వాల్వూ స్ప్రింగూ లోపల పెట్టడం మర్చిపోకు. అడుగున గిన్నెలో ఏమీ మిగలకూడదు. వాషర్లు కొనేటప్పుడు మైకో అన్నా బాష్ అన్నా కొట్టువాడికి ఒకటే. బెంగుళూరులో 1951లో పెట్టిన ఆ పంపుల కంపెనీయే 2008లో పేరు మార్చుకుంది.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి గొట్టం మూతికి సరిపడా చెక్కపలక చేతిలో పెట్టుకో. పంపులో డీజిల్ ఎంత పోవాలో మార్చే ర్యాక్ ఇరుక్కుంటే ఇంజన్ అరుస్తూ పైకెళ్లిపోతుంది, స్టాప్ నాబ్ లాగినా వినదు. గాలి మూస్తేనే ఆగుతుంది. పలకే పెట్టు, అరచెయ్యి కాదు. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కొడుతోందో లేదో వేలు పెట్టి చూడకు, ఇది బతిమాలి చెబుతున్నా. మా షెడ్డులో ఒక కుర్రాడికి సూది పొడిచినంత చుక్కే కనబడింది, నొప్పి కూడా లేదన్నాడు. రాత్రికి చెయ్యి వాచిపోయింది, వేలు పోయింది. అలాంటిదేమన్నా జరిగితే చిన్నదని చూడకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పరిగెత్తాలి, డీజిల్ ఒంట్లోకి కొట్టిందని వాళ్లకి చెప్పాలి.

నా వంపు పైపు రేపు ఆర్టీసీ పార్సిల్లో తెనాలి పంపుతున్నా. రాగి గొట్టం, నేనే వంచుకున్నది. మీ బావకి కంప్యూటరే లోకం, దాన్ని ముట్టనే లేదు. చివర కొంచెం నొక్కుకుపోయింది, పట్టించుకోకు, చుక్క బాగానే పడుతుంది. అందగానే ఫోన్ చెయ్యి. చేతులు కడుక్కుని చెయ్యి, ఇంజన్ పక్కన నిలబడి కాదు.

మావయ్య
పటమట, విజయవాడ