ఆ కవరు విప్పి చదువు

చిట్టితల్లీ,

నీకు పరాయి దేశంలో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ సంతోషంతో అర్ధరాత్రి దాకా నిద్ర పట్టలేదు, ఆ తర్వాత దిగులుతో పట్టలేదు. చలి గురించీ ఒంటరితనం గురించీ మిగతావాళ్లు చెబుతారులే. నేను బ్యాంకు గురించి చెబుతాను.

పాస్‌పోర్టు, నివాస అనుమతి పత్రం, ఉద్యోగ ఒప్పందం, చిరునామాకు రుజువు పట్టుకెళ్లు. ఇల్లు ఇవ్వడానికి ఖాతా చూపమంటారు, ఖాతా తెరవడానికి ఇంటి చిరునామా అడుగుతారు. ఆ గానుగ చుట్టూ అందరం తిరిగినవాళ్లమే. కుదరదని నోటితో అంటే కాగితం మీద రాసివ్వమను. యూరోపియన్ యూనియన్ దేశాల్లోనైతే, చట్టబద్ధంగా ఉంటున్నవాళ్లకు ప్రాథమిక ఖాతా పొందే హక్కును 2014 నాటి ఆదేశమే ఇచ్చింది. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయి, నీ ముద్దు పొట్టిపేరు వద్దు. ఏ దేశంలో పన్ను కడతావని అడిగితే నీ మీద అనుమానమనుకోకు. 2017 నుంచి చాలా దేశాలు ఖాతాల వివరాలు ఒకదానికొకటి పంపుకుంటున్నాయి.

ఇక నా సంగతి. నేను వెళ్లిన రెండో ఏడు బ్యాంకు నుంచి ఒక కవరు వచ్చింది. ఆ భాష నాకు కూరలు కొనేంత మటుకే వచ్చు. ఏదో ప్రకటన అనుకుని సొరుగులో పడేశాను. ఇంకొకటి వస్తే అదీ అక్కడికే. నా నివాస అనుమతి గడువు ముగిసింది, కొత్తది చూపించమని వాళ్లు రాశారు. కొత్తది అప్పటికి నాలుగు నెలలుగా నా సంచిలోనే ఉంది! ప్రభుత్వం ఇచ్చిన కాగితం బ్యాంకుకు తెలియదా అనుకున్నాను. తెలియదు. మనమే మోసుకెళ్లి చూపించాలి.

మీ తాతయ్యకు ఆపరేషన్ అని కబురొచ్చిన రోజు డబ్బు పంపబోతే ఖాతా ఆపేసి ఉంది. కౌంటరు వెనక కుర్రాడు మర్యాదగానే, "మీకు రెండుసార్లు రాశాం" అన్నాడు. నేను తెలుగులో అరిచాను. పాపం, అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఖాతా తెరుచుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా మీ అమ్మ తన గాజులు తాకట్టు పెట్టి ఆసుపత్రికి కట్టింది. అప్పుడు దానికి పందొమ్మిదేళ్లు. ఇప్పటికీ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నిన్ను ఎరగనా, కరెంటు బిల్లు కూడా విప్పని దానివి! వచ్చిన కవరు వచ్చిన రోజే విప్పు. భాష రాకపోతే ఫోనులో అనువాదం చేసి చూడు, నాకున్న సాకు నీకు లేదు. అనుమతి గడువు ముగియడానికి రెండు నెలల ముందే, కొత్త కార్డు చేతికి రావడం ఆలస్యమైతే ఏం చూపించాలో బ్యాంకులో అడుగు. ఇల్లు మారితే ముందు వాళ్లకు చెప్పు, తర్వాత మాకు. కొంత డబ్బు వేరే బ్యాంకులో ఉంచుకో. ఎందుకో మళ్లీ చెప్పించకు.

గాజుల సంగతి నేను రాశానని మీ అమ్మతో అనకు.

పెద్దమ్మ