నీడిల్ పంచ్ లైను ఎవరి దగ్గర కొనాలి?

పీచును ముళ్ల సూదులతో పొడిచి గుడ్డగా చేసే నీడిల్ పంచ్ పద్ధతిలో పాలిస్టర్ ఫెల్ట్, జియోటెక్స్‌టైల్ (రోడ్లు, కట్టల పనుల్లో మట్టిలో పరిచే గుడ్డ) తయారుచేసే ఓ మోస్తరు యూనిట్ పెట్టదలచి, యంత్రాలు యూరప్ నుంచి తెప్పించుకోవాలా, చైనా నుంచా అని మీరు అడిగారు. ఇలాంటి లైన్ల మెయింటెనెన్స్‌లో పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను.

పీచు ఎన్ని డెనియర్లు (సన్నదనం కొలత), ఎంత పొడవు, కొత్తదా లేక పెట్ ప్లాస్టిక్ సీసాల నుంచి తీసినదా, గుడ్డ వెడల్పెంత, జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు) ఎంత అన్నవి ముందుగా చెప్పకుండా కొటేషన్ అడిగితే, ఎవరైనా తమ దగ్గరున్న మోడల్‌నే అంటగడతారు. ఈ రంగంలో జర్మనీకి చెందిన డీలో, ఆస్ట్రియాకు చెందిన ఆండ్రిట్జ్ పేరున్న సంస్థలు. చైనాలో జియాంగ్సు ప్రాంతంలోని చాంగ్షు చుట్టుపక్కల ఈ యంత్రాలు తయారుచేసేవారు చాలామంది ఉన్నారు, ధరలు కూడా బాగా తక్కువ. ప్లాస్టిక్‌ను కరిగించి పోగులుగా తీసి నేరుగా గుడ్డగా పరిచే స్పన్‌బాండ్ సంగతి వేరు; అందులో రైఫెన్‌హౌజర్ వారి రైకోఫిల్ లైన్ల స్థాయి పెట్టుబడి మీ ప్రశ్నలో కనిపించడం లేదు.

నా అభిప్రాయంలో మీ సరుకుకు చైనా లైను చాలు, కాని క్రాస్‌ల్యాపర్ దగ్గర మాత్రం బేరమాడవద్దు. అది వెబ్‌ను, అంటే దువ్విన పీచు పల్చని పొరను, అటూ ఇటూ పరుస్తూ అంచుల దగ్గర వెనక్కి తిరిగేటప్పుడు వేగం తగ్గుతుంది కనుక, అక్కడ పీచు పోగుపడుతుంది. పైగా సూదులు పొడిచే నీడిల్ లూమ్‌లో గుడ్డ అడ్డంగా కొంత ముడుచుకుని అంచులు మరింత బరువెక్కుతాయి. నడుమ కూడా కస్టమర్ అడిగిన జీఎస్‌ఎం రావాలంటే అంచులకు అదనపు పీచు ధారపోయక తప్పదు, ఆ నష్టం లైను నడిచినంతకాలం ఉంటుంది. అందువల్ల మీ పీచునే పంపి, వాళ్ల ఫ్యాక్టరీలో మీ ఎదుటే ట్రయల్ వేయించండి. గుడ్డకు అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా 100 చదరపు సెంటీమీటర్ల రౌండ్ కట్టర్‌తో ముక్కలు తీసి తూచండి. గ్రాముల్లో వచ్చిన బరువును 100తో గుణిస్తే జీఎస్‌ఎం. నడుమ ముక్కకూ అంచు ముక్కకూ తేడా ఎంతవరకు ఉండవచ్చో ఒప్పందంలో రాయించండి.

సూదులకు ఇబ్బంది ఉండదు. సూదులు తయారుచేసే గ్రోజ్-బెకర్ట్‌కు చండీగఢ్‌లో యూనిట్ ఉంది. ఇబ్బందల్లా సూదులు బిగించే నీడిల్ బోర్డులతోనే. నాకు తెలిసిన ఒక యూనిట్‌కు సప్లయర్ డ్రాయింగ్ ఇవ్వకపోవడంతో, ఇక్కడే రంధ్రాలు వేయించిన బోర్డు స్ట్రిప్పర్ ప్లేటుకు (సూదులు వెనక్కి వచ్చేటప్పుడు గుడ్డను ఆపి ఉంచే రంధ్రాల పలక) సరిపోలక సూదులు వరసగా విరిగాయి. విరిగిన ముక్క ఫెల్ట్‌లో ఉండిపోతే, కార్ల కార్పెట్ కొనేవారు రోల్‌నంతా తిప్పిపంపుతారు. కనుక బోర్డు, ప్లేట్ల డ్రాయింగులతోపాటు పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపించే కంప్యూటర్) పాస్‌వర్డ్ కూడా చేతికొచ్చాకే చివరి విడత సొమ్ము చెల్లించండి.