ఫైర్‌వాల్ కోర్సుకు ముందు రూటింగ్ చేతికి రావాలి

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ పూర్తిచేసి, సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్‌ఏ పాసయ్యాడు. మేముండేది విశాఖపట్నం గాజువాకలో. ద్వారకానగర్‌లో ఒక సంస్థవాళ్లు ఫైర్‌వాల్ కోర్సు చేస్తే రుషికొండ ఐటీ కంపెనీల్లోనే ఉద్యోగం దొరుకుతుందంటున్నారు. ఫీజు కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. మూడు నెలలు ఆగండి.

ఫైర్‌వాల్ పనంటే దేన్ని రానివ్వాలి, దేన్ని ఆపాలి అనే రూల్స్ రాయడమేనని చాలామంది పిల్లలు అనుకుంటారు. అది వారం రోజుల్లో పట్టుబడుతుంది. కష్టమంతా ఆ పెట్టె పక్క రౌటర్లతో దారులు ఇచ్చిపుచ్చుకునే చోట ఉంది. సీసీఎన్‌ఏలో ఓఎస్‌పీఎఫ్, అంటే ఒక సంస్థ లోపలి రౌటర్లు దారులు పంచుకునే పద్ధతి, చదివాడు కాబట్టి మీ అబ్బాయికి పునాది ఉన్నట్టే. ఫీజు లేకుండా ఇంట్లోనే దాన్ని గట్టిచేసుకోవచ్చు.

8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. ఒకే కంప్యూటర్‌లో చాలా యంత్రాలను నడిపించే వర్చువల్‌బాక్స్‌లో ఓపీఎన్‌సెన్స్ ఫైర్‌వాల్‌కు 2 జీబీ, ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రూటింగ్ సాఫ్ట్‌వేర్ నడిపే రెండు లినక్స్ రౌటర్లకు చెరో అర జీబీ ఇస్తే సరిపోతుంది. అన్నీ ఉచితమే. ఒక రౌటర్‌ను గాజువాక బ్రాంచి అనుకుని ఫైర్‌వాల్‌తో ఓఎస్‌పీఎఫ్‌లో కలపమనండి. రెండోదాన్ని బయటి సంస్థ అనుకుని బీజీపీలో, అంటే వేర్వేరు సంస్థల నెట్‌వర్క్‌లు దారులు పంచుకునే పద్ధతిలో, కలపాలి. ఒక్కో సంస్థ నెట్‌వర్క్‌ను గుర్తించే ఏఎస్ నంబర్లు 64512, 64513 పెట్టుకోవచ్చు, అవి ప్రైవేటు వాడకానికి వదిలిన వరసలోవి.

మొదటి చిక్కు ఓఎస్‌పీఎఫ్‌లో రెండు రౌటర్ల మధ్య పొరుగు సంబంధం కుదరకపోవడం. ఏరియా (ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్‌లోని భాగం), సబ్‌నెట్ మాస్క్, పలకరింపు పంపే హలో 10 సెకన్లు, పలకరింపు రాకపోతే పొరుగు పోయిందనుకునే డెడ్ 40 సెకన్లు, పాస్‌వర్డ్ రెండువైపులా ఒకటే ఉండాలి. అన్నీ సరిపోయినా ఎక్స్‌స్టార్ట్ అనే మధ్య దశ దగ్గర ఆగిపోయిందంటే ముందు ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, చూడాలి. ఒకవైపు 1500, మరోవైపు 1400 ఉంటే జరిగేది అదే. ఫైర్‌వాల్ రూల్‌లో ఓఎస్‌పీఎఫ్‌కు టీసీపీ పోర్టు 89 తెరిచేవాళ్లు ఎంతోమంది. 89 పోర్టు కాదు, ఐపీ ప్రోటోకాల్ నంబరు. బీజీపీకి మాత్రం టీసీపీ 179 పోర్టే.

తర్వాత ఫిల్టర్లు, అంటే ఏ దారులను తీసుకోవాలి, ఇవ్వాలి అనే జల్లెడ. ఇక్కడ తొందరపడకుండా కూర్చోవాలి. బ్రాంచి నెట్‌వర్క్‌లు 10.20.1.0/24, 10.20.2.0/24 అనుకుందాం (స్లాష్ తర్వాతి అంకె పెద్దదైతే ఆ చిరునామాల వరస చిన్నది). ప్రిఫిక్స్ లిస్టులో, అంటే ఒప్పుకునే చిరునామా వరసల జాబితాలో, 10.20.0.0/16 పర్మిట్ అని రాసి వదిలేస్తే ఆ రెండూ మాయమవుతాయి. ఆ వరస సరిగ్గా /16 ఉన్న దారినే ఒప్పుకుంటుంది, లిస్టు చివర రాయకుండానే మిగతావన్నీ ఆపే ఒక డినై ఉంటుంది. పక్కన ‘ఎల్‌ఈ 24’ (/24 వరకూ సరే అని) చేర్చితేనే /24 దారులు వస్తాయి. లినక్స్ రౌటర్‌లో బీజీపీ సమ్మరీ చూసినప్పుడు దారుల సంఖ్య ఉండాల్సిన చోట ‘పాలసీ’ అని కనిపిస్తే కంగారుపడొద్దు: బయటి ఏఎస్‌తో ఫిల్టర్ కట్టనిదే ఎఫ్‌ఆర్‌ఆర్ దారులు తీసుకోదు, ఇవ్వదు.

ఆ జాగ్రత్త ఎందుకో 2008 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. పాకిస్తాన్ టెలికాం దేశం లోపల యూట్యూబ్‌ను ఆపడానికి 208.65.153.0/24 దారి పెట్టింది. అది బయటికి పొక్కింది, పైనున్న ప్రొవైడరూ వడగట్టలేదు. యూట్యూబ్ ప్రకటించింది /22. చిరునామాల వరస చిన్నదైన, అంటే స్లాష్ తర్వాతి అంకె పెద్దదైన దారిదే గెలుపు కాబట్టి ట్రాఫిక్ అటు మళ్లి, దాదాపు రెండు గంటలు సైటు అందలేదు.

ఓఎస్‌పీఎఫ్ ఫిల్టర్ కథ వేరు. ఒకే ఏరియాలో ఇన్‌బౌండ్ (లోపలికి వచ్చే దారుల) ఫిల్టర్ పెడితే ఆ దారి ఆ ఒక్క ఫైర్‌వాల్ రూటింగ్ టేబుల్‌లోకి రాదంతే, ఆ దారి సమాచారం మోసే ఎల్‌ఎస్‌ఏ సందేశం మాత్రం పక్కవాళ్లకు వెళ్తూనే ఉంటుంది. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఈ తేడాను బోర్డు మీద గీసి చెప్పగలగాలి.

చివరగా రెండో ఫైర్‌వాల్ చేర్చి, వెళ్లే దారి ఒకదాని మీదుగా, తిరిగొచ్చే దారి మరోదాని మీదుగా పెట్టి చూడమనండి. కనెక్షన్ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్ ఒకచోట దాటుతుంది, దానికి జవాబైన సిన్-యాక్ రెండోచోట పడిపోతుంది, అక్కడ ఆ సెషన్ (కనెక్షన్) నమోదై ఉండదు కాబట్టి. సెషన్ తనిఖీ తీసేస్తే పని జరిగినట్టే కనిపిస్తుంది, కానీ ఫైర్‌వాల్ పెట్టుకున్నదే ఆ తనిఖీ కోసం. దారి ఖర్చును, అంటే కాస్ట్‌ను సవరించి రెండు దారులూ ఒకేవైపు తెప్పించాలి.

ప్రతి తప్పుకూ లాగ్ వరస, కారణం, సవరణ ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ఆ తర్వాత ఆ సంస్థకు వెళ్లి రెండు అడగండి: ల్యాబ్ గంటలు ఎన్ని, అందులో బీజీపీ ఫిల్టర్లు చేయిస్తారా? స్లైడ్లు చూపిస్తామంటే వద్దు. విడిగా ఒక్కొక్కరికీ ల్యాబ్ ఇస్తామంటే అప్పుడు ఫీజు మాట్లాడండి.