“ఏ బ్రాంచి?” అంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మాది దిల్‌సుఖ్‌నగర్. నాకు ఎకనామిక్స్ ఇష్టం, ఇంజినీరింగ్ వద్దు. నాన్నకేమో పెద్ద కాలేజీ పేరు కావాలి. శామీర్‌పేట వైపున్న బిట్స్ క్యాంపస్‌లో ఎకనామిక్స్ ఉందని తెలిశాక కాస్త మెత్తబడ్డారు. చేరితే ఇంజినీర్ల మధ్య ఒంటరినైపోతానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఒంటరితనం సంగతి వదిలెయ్యమ్మా, హాస్టల్ మెస్‌లో నీ బ్రాంచి ఎవరూ అడగరు, అడిగేది మీ చుట్టాలే. అసలు తిప్పలు వేరే ఉన్నాయి. అక్కడ ఎమ్మెస్సీ ఎకనామిక్స్ నాలుగేళ్లు, కానీ సీటు రావాలంటే వాళ్ల ప్రవేశ పరీక్ష బిట్‌శాట్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లిష్, లాజిక్ రాయాలి. ఎకనామిక్స్ నుంచి ఒక్క ప్రశ్నా రాదు! చేరాక కూడా మొదటి ఏడాది ఇంచుమించు అందరికీ ఒకటే పాఠాలు, అంటే నీకూ ప్రోగ్రామింగ్, ఇంజినీరింగ్ డ్రాయింగ్, వర్క్‌షాప్ తప్పవు. మా అక్క కొడుకు ఇలాగే ఒక టెక్నికల్ యూనివర్సిటీలో ఎకనామిక్స్‌లో చేరి, మొదటి సెమిస్టరంతా ఇనప ముక్కని ఆకురాయితో రాస్తూ, అరచేతుల్లో బొబ్బలు ఫొటో తీసి పంపేవాడు. ఇప్పుడు నవ్వుతూ చెప్తాడు గానీ, అప్పుడు నవ్వలేదు.

ఇంకోటి, ఇది ముఖ్యం. బిట్స్‌లో ఎమ్మెస్సీవాళ్లు మొదటి ఏడాది మార్కులను బట్టి రెండో డిగ్రీగా బీఈ తీసుకోవచ్చు, అప్పుడు మొత్తం ఐదేళ్లు. ఈ మాట మీ ఇంట్లో చెవిన పడిందా, “ఎకనామిక్స్‌తో పాటు కంప్యూటర్స్ కూడా తెచ్చుకో” అని మొదలుపెడతారు, నువ్వు వద్దనుకున్న ఇంజినీరింగ్ పెరటి గుమ్మంలోంచి వచ్చి కూర్చుంటుంది. అది వద్దని ఇప్పుడే, ఫీజు కట్టకముందే నాన్నకి తేల్చి చెప్పు.

గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో హ్యుమానిటీస్‌ని కంప్యూటర్ సైన్స్‌తో కలిపిన ఐదేళ్ల కోర్సు ఉంది, కానీ కోడింగ్ పడనివాళ్లు అటు చూడకపోవడమే మేలు. కంది ఐఐటీలో బీడిజైన్‌కి ఏ గ్రూపువాళ్లైనా యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయొచ్చు, అది బొమ్మలు గీసేవాళ్లకి, నీకు కాదు. నన్నడిగితే 1974 నుంచి ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్‌కి సీయూఈటీ ప్రవేశ పరీక్ష కూడా రాసి పెట్టుకో. అక్కడ ఆకురాయి ఉండదు. కాకపోతే లెక్కలు ఎక్కడికి పోయినా వెంటే వస్తాయి, ఇంటిగ్రేషన్ చాప్టర్ వదిలెయ్యకు.