టెక్ సందేహాలు: నరసరావుపేట జిల్లా మారింది, 640 ఫైళ్లు మారలేదు

ప్రశ్న: మా ప్రాంతపు ఊళ్ల చరిత్ర గురించి రాసిన 640 హెచ్‌టీఎంఎల్ ఫైళ్లున్నాయి. అన్నింట్లో ‘నరసరావుపేట, గుంటూరు జిల్లా’ అనే ఉంది. ఉబుంటులో ఒక్క ఆదేశంతో ‘పల్నాడు జిల్లా’ అని మార్చవచ్చా?

జవాబు: మార్చవచ్చు. కానీ ‘గుంటూరు జిల్లా’ కనిపించిన చోటల్లా మార్చేస్తే తెనాలి, మంగళగిరి కూడా పల్నాడులోకి వెళ్లిపోతాయి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు విడిపోయినా అవి గుంటూరులోనే ఉన్నాయి. కాబట్టి ఊరి పేరున్న వరుసలోనే జిల్లా పేరు మార్చాలి. ఫైళ్లలో మాటల్ని మార్చే ఆదేశం సెడ్. దానికి ఆ షరతు ముందే పెట్టొచ్చు.

మొదట ఫోల్డర్ మొత్తాన్ని వేరే చోటికి కాపీ చేసి, ఆ కాపీ మీదే పని చేయండి. మార్చే ముందు, మాటల్ని వెతికే గ్రెప్‌తో ఏమేం దొరుకుతున్నాయో చూడండి (ఆదేశాలకు ఇక్కడ ఉచ్చారణ రాశాం, టెర్మినల్‌లో ఊరు, జిల్లా పేర్లు తెలుగులోనే ఉంచి మిగతావి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి):

గ్రెప్ -ఆర్‌ఎన్ 'గుంటూరు జిల్లా' .

ఆ జాబితా మీద ఐదు నిమిషాలు పెట్టండి. ‘1950లో గుంటూరు జిల్లా నరసరావుపేటలో పుట్టారు’ వంటి వాక్యాలుంటే వాటిని మార్చకూడదు, అప్పటికి పల్నాడు జిల్లా లేదు. ఇది మనిషి తేల్చాల్సిన సంగతి, స్క్రిప్టుకు తెలియదు. అలాంటి ఫైళ్లను పక్కన పెట్టి, మిగతావాటికి ఇది నడపండి (ఒకే వరుసగా కొట్టండి):

గ్రెప్ -ఆర్‌ఎల్‌జెడ్ --ఇన్‌క్లూడ్='*.హెచ్‌టీఎంఎల్' 'గుంటూరు జిల్లా' . | ఎక్స్‌ఆర్గ్స్ -0 సెడ్ -ఐ.బీఏకే -ఇ '/నర్?సరావుపేట/ఎస్/గుంటూరు జిల్లా/పల్నాడు జిల్లా/జి'

జెడ్, ఆ ఒంటరి ఇ పెద్దక్షరాలు, మిగతావన్నీ చిన్నవి. గ్రెప్‌కు దొరికిన ఫైళ్ల పేర్లను సెడ్‌కు అందించేది ఎక్స్‌ఆర్గ్స్. జెడ్, సున్నా జంటగా పని చేస్తాయి. ‘మా ఊరు.హెచ్‌టీఎంఎల్’ లాంటి ఖాళీ ఉన్న పేరు రెండు ముక్కలైపోకుండా కాపాడేది ఆ జంటే. గ్రెప్‌తో ముందుగా వడకట్టడానికీ కారణముంది. సెడ్ మార్పేమీ లేకపోయినా ఫైలును తిరగరాస్తుంది, దాంతో 640 ఫైళ్లకూ ఈ రోజు తేదీ పడిపోతుంది.

‘నర్?సరావుపేట’లోని ప్రశ్నార్థకం చూశారా? కొందరు నరసరావుపేట అని, కొందరు నర్సరావుపేట అని రాస్తారు. కంప్యూటరు దృష్టిలో ‘ర్’ అంటే ర, పొల్లు అనే రెండు విడి గుర్తులు. ప్రశ్నార్థకం ఆఖరిదైన పొల్లుకే వర్తిస్తుంది, అందుకే రెండు రూపాలూ దొరుకుతాయి. అయితే టెర్మినల్ లొకేల్ (అది అక్షరాలను ఎలా చదవాలో చెప్పే అమరిక) యూటీఎఫ్-8లో ఉండాలి. సీ లొకేల్‌లో ఉంటే ప్రశ్నార్థకం పొల్లులోని చివరి బైటుకు మాత్రమే అంటుకుంటుంది, నరసరావుపేట దొరకదు. లొకేల్ అని కొడితే ఏది నడుస్తోందో తెలుస్తుంది.

మాచర్ల, వినుకొండ, గురజాల, సత్తెనపల్లి కూడా కావాలంటే ఊళ్లన్నీ బ్రాకెట్లలో పెట్టి మధ్యలో నిలువు గీతలు వేయండి. సెడ్ ఒకసారికి ఒక్క వరుసే చూస్తుంది. ఊరు ఒక వరుసలో, జిల్లా కింది వరుసలో ఉంటే ఏమీ మారదు. ఒకే వరుసలో మాచర్లా తెనాలీ ఉంటే రెండింటి జిల్లా మారిపోతుంది. అందుకే తర్వాత గ్రెప్ మళ్లీ నడిపి మిగిలినవి చూడండి, డిఫ్ -ఆర్‌తో పాత ఫోల్డర్‌ను కొత్తదానితో పోల్చండి. సెడ్ మార్చే ముందు దాచే పాత ప్రతులైన బీఏకే ఫైళ్లను మాత్రం పూర్తిగా నమ్ముకోకండి. ఇంకా ఎక్కడో ‘గుంటూరు జిల్లా’ మిగిలి ఉన్న ఫైలు మీద ఆదేశాన్ని రెండోసారి నడిపితే, అప్పటికే మారిన ఫైలే బ్యాకప్ మీద పడి అసలుది పోతుంది.

ప్రశ్న: ‘బడి’ని ‘పాఠశాల’గా మార్చమంటే ‘పెట్టుబడి’ కాస్తా ‘పెట్టుపాఠశాల’ అయింది!

జవాబు: ‘రాబడి’ ఉంటే అదీ ‘రాపాఠశాల’ అయ్యే ఉంటుంది. సెడ్‌కు మాట తెలియదు, వరుసగా ఉన్న గుర్తులే తెలుసు. మాట మొదట్లో ఉన్న ‘బడి’ మాత్రమే కావాలంటే దాని ముందు వరుస ఆరంభమో ఖాళీయో ఉండాలని చెప్పండి:

సెడ్ -ఐ.బీఏకే -ఇ 'ఎస్/(^| )బడి/\1పాఠశాల/జి'

ఒకటి అంకె బ్రాకెట్‌లో పట్టుకున్నదాన్ని తిరిగి పెడుతుంది. కుండలీకరణం వెనకో కొటేషన్ వెనకో ఉన్న ‘బడి’ దొరకదు, దాన్ని చేత్తో దిద్దుకోవడమే.

గుణింతం గుర్తుతో ముగియని మాటలు ఇంకా ప్రమాదం. ‘కల’ను ‘స్వప్న’ చేయమంటే ‘కలిసి’లోని కల కూడా చిక్కి ‘స్వప్నిసి’ తయారవుతుంది, ఎందుకంటే గుడి విడిగా వచ్చే గుర్తు. అలాంటి మాటలకు వెనక కూడా ఖాళీ ఉండాలని చెప్పక తప్పదు.

ప్రశ్న: ‘సాఫ్ట్‌వేర్’ కళ్లకు కనిపిస్తోంది కానీ గ్రెప్‌కు దొరకడం లేదు.

జవాబు: ‘ఫ్ట్’కీ ‘వే’కీ మధ్య ఒత్తు పడకుండా ఆపే అదృశ్య గుర్తు ఉంటుంది. మీరు వెతికిన మాటలో లేదేమో. ఫైలులోంచే కాపీ చేసి వెతకండి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లయితే అందులో తెలుగు అక్షరాలే ఉండవు, ముందు యూనికోడ్‌కు మార్చుకోవాలి. వర్డ్ డాక్స్ ఫైళ్ల మీద సెడ్ నడపకండి, అవి జిప్ చేసిన కట్టలు.

ప్రశ్న: మ్యాక్‌లో సెడ్ -ఐ అంటే ఎర్రర్ వస్తోంది.

జవాబు: మ్యాక్‌లో ఐ తర్వాత బ్యాకప్ తోక తప్పనిసరి, లేకపోతే మీ ఆదేశాన్నే తోక అనుకుంటుంది. -ఐ.బీఏకే అని కలిపి రాస్తే రెండు చోట్లా పని చేస్తుంది. అక్కడ గ్రెప్‌కు పెద్ద జెడ్ అర్థం వేరు, బదులుగా --నల్ వాడండి.