యాక్సెసిబిలిటీ టెస్టింగ్ చేస్తే కేసులు మెడకు చుట్టుకుంటాయా?

చిత్తూరు నుంచి ఒక తండ్రి అడిగారు: "సార్, మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. క్లాసులో అందరూ ఏఐ, డేటా సైన్స్ అంటుంటే ఈమె వెబ్‌సైట్లు, యాప్‌లు దివ్యాంగులకు పనిచేస్తున్నాయో లేదో చూసే యాక్సెసిబిలిటీ టెస్టింగ్ నేర్చుకుంటానంటోంది. అందులో చట్టాలు, కేసులు ఉంటాయంట. రేపు కంపెనీ మీద కేసు పడితే మా పిల్ల మెడకు చుట్టుకోదా? అసలు ఉద్యోగం దొరుకుతుందా?"

అన్నా, టెన్షన్ వద్దు. కేసు పడేది ఆ వెబ్‌సైటో యాపో నడిపే సంస్థ మీద, అందులో తప్పులు వెతికి రాసిచ్చే ఉద్యోగి మీద కాదు. కంపెనీలకు ఆ భయం పట్టుకోబట్టే ఈ పనికి గిరాకీ వస్తోంది.

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఆఫీసులకే కాదు, ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. మొదటిసారి ఉల్లంఘిస్తే 10 వేల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోది కాదనుకోండి, కానీ కోర్టులు ఇప్పుడు గట్టిగానే ఉన్నాయి. చూపులేని రాజీవ్ రతూరి వేసిన కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు, దివ్యాంగులకు అందుబాటు విషయంలో వీలైతే పాటించండి అన్నట్టుండే నిబంధనలు చాలవు, తప్పనిసరివి పెట్టండని కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం కూడా 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనంది. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్న ఆమె బ్యాంకు ఖాతా కోసం వెళితే కేవైసీలో కెమెరా ముందు కళ్లార్పమన్నారు, అక్కడ మొదలైంది ఆ కేసు. అదే ఏడాది జులైలో షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ కూడా తన కింద ఉన్న బ్రోకర్లకు, మ్యూచువల్ ఫండ్లకు ఇదే విషయమై ఆదేశాలిచ్చింది.

బయటి దేశాల్లో ఇంకా ఎక్కువ. వెబ్‌సైట్లో పిజ్జా ఆర్డర్ చెయ్యలేకపోయిన ఒక అంధుడు డామినోస్ మీద కేసు వేస్తే, ఆ కంపెనీ అప్పీలు వినడానికి అమెరికా సుప్రీంకోర్టు 2019లో ఒప్పుకోలేదు, దాంతో కేసు ముందుకు సాగింది. యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి ఇలాంటి యాక్సెసిబిలిటీ చట్టమే కొత్తగా అమల్లోకి వచ్చింది. ఆ దేశాల పని చేసిపెట్టేది మన ఐటీ కంపెనీలే, పైగా చిత్తూరుకు బెంగళూరు, చెన్నై రెండూ దగ్గరే.

పని ఎలా ఉంటుందో మీరే చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో టాక్‌బ్యాక్ (తెర మీద ఉన్నది చదివి వినిపించేది) ఆన్ చేసి (ఎలా ఆఫ్ చెయ్యాలో ముందే చూసుకోండి, లేకపోతే చిక్కుపడతారు) కళ్లు మూసుకుని ఏదో ఒక యాప్‌లో కరెంటు బిల్లు కట్టబోండి. సరిగ్గా చెయ్యని యాప్ అయితే ఫోను ఊరికే "బటన్" అంటుంది, అది డబ్బు కట్టేదో రద్దు చేసేదో తెలియదు. క్యాప్చాలో (వాడేది మనిషేనా అని చూసే పరీక్షలో) బొమ్మే తప్ప వినే దారి ఉండదు. మీరు తడుముకునేలోపు టైమ్ అయిపోయి మళ్లీ మొదటి పేజీకి వచ్చేస్తుంది. తిరుపతిలో చూపులేని పిల్లలు ఫీజు కట్టడానికి నెట్ సెంటర్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లకు కార్డు చేతికిచ్చి ఓటీపీ కూడా చెప్పాల్సి రావడం నేను చూశాను, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. మీ అమ్మాయి సరిచెయ్యాలనుకుంటున్నది దీన్నే.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తాను. క్యాంపస్‌కి ఈ పేరుతో వచ్చే కంపెనీలు అరుదు. టెస్టర్‌గానో ఫ్రంట్ ఎండ్ డెవలపర్‌గానో (మనకు కనిపించే పేజీలు తయారుచేసేవాళ్లు) చేరి ఇటు మళ్లేవాళ్లే ఎక్కువ, కాబట్టి కోడింగ్ వదలొద్దు. హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ గట్టిగా రావాలి, వాటితోపాటు వెబ్‌సైట్లు దివ్యాంగులకు ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు, అలాంటిదే మన దేశ ప్రమాణం ఐఎస్ 17802 చదవాలి. కంప్యూటర్ తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ ఉచితమే, ల్యాప్‌టాప్‌లో వేసుకుని మౌస్ ముట్టకుండా పనిచెయ్యడం అలవాటు చేసుకోమనండి. సర్టిఫికెట్లకు ఇప్పుడే డబ్బులు పొయ్యకండి.

ఏఐ వచ్చి ఇది కూడా మింగేస్తుందేమో అంటారా? ఏఐ టూల్‌తో ఏ వెబ్‌సైటునైనా ప్రమాణాలకు తగ్గట్టు మార్చేస్తామని ప్రచారం చేసుకున్న యాక్సెసిబీ అనే కంపెనీ, ఆ మాటలు నిజం కాదన్న ఆరోపణ మీద 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 10 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. టూల్ కొన్ని తప్పులే పట్టుకుంటుంది, మిగతావి మనిషే చూడాలి.

మీ భయంలో నిజం ఉన్నది ఒక్కచోటే. రిలీజ్ దగ్గర పడితే "అంతా బాగుందని రాసెయ్" అని పైవాళ్లు ఒత్తిడి చేస్తారు. రేపు కేసు అయితే ఆ రిపోర్టు కోర్టుదాకా వెళ్లొచ్చు. చూడనిది చూశానని, బాగాలేనిది బాగుందని ఎప్పుడూ రాయొద్దనండి. ఏ రోజు, ఏ ఫోన్లో, ఏ వెర్షన్ చూసిందో రాసిపెట్టుకోవాలి.

ఈ సెలవుల్లో రెండు మూడు యాప్‌లు తీసుకుని, చూపులేని విద్యార్థి ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని (ఊరికే వద్దు, వాళ్ల సమయానికి డబ్బులివ్వమనండి) ఎక్కడ ఆగిపోతున్నారో, దాన్ని ఎలా సరిచెయ్యాలో రిపోర్టు రాయమనండి. ఇంటర్వ్యూలో చూపించాల్సింది దాన్నే. పూర్తయ్యాక నాకు పంపితే చదివి ఏం మార్చాలో చెప్తాను.