పాత బేస్‌బాల్ టీమ్ ఫోటో సెట్ ఏ ఏడాదిదో ఎలా తెలుస్తుంది?

అమెరికా బేస్‌బాల్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ ఫోటోల సెట్ దొరికింది, దాని మీద ఎక్కడా తేదీ లేదు అంటున్నారు. టెన్షన్ వద్దు, ఆటగాళ్ల పేర్లే క్యాలెండర్‌లా పనికొస్తాయి. ఒక్కో ఫోటో కాదు, సెట్ మొత్తం చూడండి: అందరికన్నా ఆలస్యంగా జట్టులోకి వచ్చిందెవరు, ముందుగా వెళ్లిపోయిందెవరు? జాకీ రాబిన్సన్ 1947 నుంచి 1956 దాకా ఆడాడు. శాండీ కోఫాక్స్ 1955లో వచ్చాడు. ఇద్దరూ ఉంటే 1955 లేదా 1956. వాళ్లతో డాన్ డ్రైస్‌డేల్ కూడా కనిపిస్తే 1956 అనే చెప్పొచ్చు, అతను అడుగుపెట్టింది ఆ ఏడాదే. ముఖం కుర్రగా ఉందని మాత్రం పాత ఏడాది వేసేయకండి, పాత నెగెటివ్‌తో మళ్లీ ప్రింట్ వేసి ఉండొచ్చు.

సెట్ వచ్చిన కవరు ఉంటే దయచేసి పారేయొద్దు. నా దృష్టిలో ఫోటోలకన్నా అదే గట్టి సాక్ష్యం. క్లబ్బే అమ్మిందా, జే పబ్లిషింగ్ లాంటి ఫోటో సెట్లు వేసే సంస్థ అమ్మిందా అన్నది దాని మీదే అచ్చయి ఉండొచ్చు. అడ్రసులో ఊరి పేరు పక్కన ఒకటి రెండు అంకెల పోస్టల్ జోన్ ఉంటే 1943కు ముందుది కాదు. ఐదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంటే 1963 జులైకి ముందుది కాదు. బ్రూక్లిన్ జట్టు 1958 సీజన్‌కల్లా లాస్ ఏంజెలస్ వెళ్లిపోయింది కాబట్టి, జిప్ కోడ్‌తో బ్రూక్లిన్ సెట్ అంటే తర్వాత వేసిన రీప్రింట్ అని అనుమానించాలి.